పొగ వేరు, మోత వేరు

గొట్టంగారికి ఉన్న జబ్బు ఒక్కటే. కారు వెనక గొట్టాన్ని ఆయన ఉన్నదున్నట్టు ఉంచలేరు. మిగతా కారు ఏమైపోయినా ఆయనకు పట్టదు. ముందు సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చి ఎనిమిదేళ్లయింది. ఎడమ వైపు అద్దం ఒక బూటు తాడు దయ మీద వేలాడుతోంది. వైపరు ఒకటే పనిచేస్తుంది, అదీ ఎండ కాసినప్పుడు. వాటి వంక ఆయన కన్నెత్తి చూడరు. గొట్టాన్ని మాత్రం పధ్నాలుగేళ్లలో ఇరవై ఆరుసార్లు మార్చారు.

వృత్తికి ఆయన పెద్ద భవనాలకు గాలి గొట్టాలు బిగించే మేస్త్రీ. ఆసుపత్రులు, ఆఫీసులు, సినిమా హాళ్లు. గదిలోకి చల్లగాలి రావాలి గాని అది వస్తున్న చప్పుడు రాకూడదు, అదీ పని. ముప్పై ఏళ్లపాటు గాలి నోరు మూయించి బతికిన మనిషి, సొంత కారు నోరు మాత్రం బార్లా తెరిచి వదిలేశారు. వీధిలో వాళ్లు మొదట్లో "ఆ గొట్టంగాడు" అనేవారు. కానీ మనిషి వయసులో పెద్ద, ఎవరింటి కప్పు మీద రేకు లేచినా పిలవకుండానే వచ్చి బిగించి పోయే రకం. అంచేత తిట్టు తీసేయడానికి మనసొప్పక దానికే మర్యాద తగిలించి "గొట్టంగారు" చేశారు. ఆయన అది బిరుదనుకున్నారు. ఉత్తరాల పెట్టె మీద తనే స్వయంగా నల్ల పెయింటుతో రాసుకున్నారు.

ఇక్కడిదాకా అయితే ఇందులో చెప్పుకోడానికేమీ లేదు. కారుకి గోల గొట్టం పెట్టించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆర్నెల్లకోసారి పొగ తనిఖీకి వచ్చేసరికి వాళ్లందరూ బోల్తా పడతారు. గొట్టంగారు పధ్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పడలేదు.

ఈ సంగతి మీటరు బాబుని లోపల్లోపల తినేస్తూ ఉండేది.

మీటరు బాబు పొగ తనిఖీ కేంద్రంలో ఉద్యోగి. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఒక మిషను, దానికో పొడుగాటి కడ్డీ, చీటీలు కక్కే ప్రింటరు, కాలు విరిగిన కుర్చీ. రోజంతా బళ్ల వెనక వంగుని గొట్టంలో కడ్డీ పెట్టడం అతని పని. లోకమంతా ముందుకి పోతుంటే తనొక్కడే దాని వెనక భాగం చూస్తూ బతుకుతున్నానని అతనికి గట్టి అభిప్రాయం. వయసు ముప్పై ఒకటి, జుట్టు అప్పుడే వెనక్కి తగ్గుతోంది, "బాబు" అంటే ఒళ్లు మండుతుంది. ఆ పేరు పెట్టింది గొట్టంగారే. పెద్ద చదువు లేదు గాని కాగితం కనబడితే చదవకుండా వదలడు. మందు సీసాతో వచ్చే మడత కాగితం కూడా రెండువైపులా చదువుతాడు.

మొదటిసారి గొట్టంగారి కారు షెడ్డులోకి వచ్చినప్పుడు మీటరు బాబు రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఆపండి, ఆపండి! ఏమిటండీ ఇది?"

"కారండీ."

"అది కనబడుతూనే ఉంది. సైలెన్సర్ ఏదీ?"

"ఉంది. కాస్త మాటకారి."

"ఇది చచ్చినా పాసవదు."

"కడ్డీ పెట్టి చూడండి బాబూ. చూస్తే పోయేదేముంది?"

పెట్టాడు. మిషను కాసేపు ఆలోచించి చీటీ కక్కింది. ఆ పూట వచ్చిన బళ్లన్నిట్లోకీ అదే శుభ్రమైన పొగ. మీటరు బాబు కడ్డీ తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. మిషను ఆర్పి, వెలిగించి, మూడోసారి పెట్టాడు. ఈసారి ఇంకొంచెం బాగా వచ్చింది.

"పోనీండి బాబూ, దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి," అన్నారు గొట్టంగారు మిషను మీద జాలిపడి. "పొగ వేరు, మోత వేరు."

"అదెలా?"

"ఇంజను దగ్గర్లో పొగని కడిగే డబ్బా ఒకటుంటుంది చూశారూ, దాని జోలికి నేను ఈ జన్మలో పోను. దాన్ని దాటాక వెనకున్న గొట్టమే నాది. గిన్నె కడిగేశాక ఏ అలమారలో బోర్లిస్తే ఏంటి?"

"మరి ఇక్కడికొచ్చే ముందు మార్కెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగారట. ఎందుకు?"

"ఆ డబ్బా వేడెక్కితేగాని కడగదు. మీరు మాత్రం చన్నీళ్లతో జిడ్డు వదలగొడతారా?"

ఇలా మాట పడ్డ ప్రతిసారీ మీటరు బాబుకి ఒక పగ పుట్టేది. అలా ఆర్నెల్లకొకటి చొప్పున ఆరు పగలు పోగయ్యాయి. "పొగ వేరు, మోత వేరు" అన్న ముక్క ఊరంతా పాకింది. వీధిలో బేకరీ ఆయన దాన్ని విని, ఉత్సాహం పట్టలేక, తన వ్యానుకి గోల గొట్టం పెట్టించుకుని, పనిలో పనిగా కడిగే డబ్బా కూడా పీకించేశాడు. తనిఖీలో అతని వ్యాను పొగకి మిషను దగ్గినంత పని చేసింది. గొట్టంగారు వెళ్లి అతన్ని అరగంట తిట్టి, డబ్బా తిరిగి బిగించి వచ్చారు.

మీటరు బాబు దురదృష్టం తనిఖీ షెడ్డుతో అయిపోలేదు. అతను అద్దెకుండే మేడ గది సరిగ్గా గొట్టంగారి ఇంటికి ఎదురుగా ఉంది. అంచేత ఆ గొట్టం చరిత్ర అంతా అతను ఉద్యోగరీత్యా చూశాడు, అద్దె కట్టి మరీ విన్నాడు. పాతవాళ్లు చెప్పడం ప్రకారం మొదట్లో ఆ కారు తేనెటీగలా పోయేదట. తర్వాత మిక్సీ అయింది. పదో గొట్టం జలుబు చేసిన గేదె. పదిహేనోది గొట్టంగారి పెద్ద బావమరిది గురక. అది విని ఆ బావమరిది నెలరోజులు వాళ్లింటి గడప తొక్కలేదు. మీటరు బాబు వచ్చేనాటికి అది ఎవరో మేడ మీద బీరువా జరుపుతున్నట్టుగా ఉంది. ఏటేటా చప్పుడు పెరగడం కాదు, లావెక్కుతూ వచ్చింది.

ఆ మోతకి మొదట బలయ్యేది ఆయన అత్తగారు. ఎనభై దాటిన మనిషి, కూతురి దగ్గరే ఉంటుంది. పొద్దస్తమానం వరండాలో కుర్చీ వేసుకుని, కాళ్లు ముక్కాలి పీట మీద పెట్టుకుని వీధికి కాపలా కాస్తుంది. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనడం ఆవిడ మర్యాదకి సరిపడదు. అందుకని కారుని అంటుంది.

సాయంత్రం అయిదున్నరకి కారు వీధి మలుపు తిరిగేది. మొదట మందుల షాపు, తర్వాత బేకరీ, తర్వాత మంగలి షాపు, తర్వాత కుళాయి, తర్వాత గేటు. ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఆవిడ అందుకునేది.

"వచ్చిందమ్మా దున్నపోతు! ఊరంతా చాటుకుంటూ వచ్చింది! దీని గొంతు పడిపోనూ! దీని నోట్లో మట్టి కొట్టేవాళ్లే లేరా ఈ వీధిలో!"

గొట్టంగారు కారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, సరిగ్గా ఆవిడ మొహానికెదురుగా వంగుని, నోరు ఇంత తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి అడిగేవారు.

"న-న్నే-నా అత్త-య్య-గా-రూ?"

"అయ్యయ్యో, మిమ్మల్నెందుకంటాను అల్లుడుగారూ! దీన్ని."

ఆయన తృప్తిగా లోపలికి పోతూ భార్యని గొంతు తగ్గించి అడిగేవారు.

"ఇవాళ ఎక్కడ మొదలెట్టింది మీ అమ్మ?"

"బేకరీ దగ్గర."

"భేష్."

ఇదంతా మేడ మీంచి చూసే మీటరు బాబుకి రక్తం ఉడికిపోయేది. ముసలావిణ్ణి రోజూ ఏడిపించడమే కాకుండా, ఆ వెక్కిరింపేమిటి, ఆ లెక్కలేమిటి! ఇంకా ఘోరం ఒకటుంది. కొన్నాళ్లకి ఆవిడ విసిగిపోయి తిట్లు ఆలస్యంగా మొదలెట్టేది. బేకరీ నుంచి మంగలి షాపుకి, అక్కణ్ణుంచి కుళాయికి జరిగేది. పోనీలే పాపం అలవాటు పడింది అనుకునేలోగా, ఆ ఆదివారం గొట్టంగారు కారు కిందికి దూరేవారు. సోమవారం కొత్త గొట్టం. ఆవిడ మళ్లీ బేకరీ దగ్గరే అందుకునేది. అత్తగారు తిట్టకపోతే ఈయనకి తిన్నది అరగదన్నమాట, అనుకున్నాడు మీటరు బాబు. మనుషుల గురించి అతనికి ఇలాంటి అభిప్రాయాలు బోలెడున్నాయి. చాలామటుకు నిజమయ్యాయి కూడా.

ఒకరోజు ఆవిడ అతన్ని చేత్తో పిలిచింది.

"మీటరాఫీసులో ఉంటావట కదా నాయనా?"

"అవునండీ. పొగ తనిఖీ..."

"పెళ్లయిందా?"

"లేదండీ. మీరేదో చెప్పబోయారు..."

"మంచిదే, ఇద్దరు పిల్లలు చాలు. ఇదిగో, ఆ దున్నపోతు నోరు మూయించు. నీకు పుణ్యముంటుంది."

పెద్దావిడ, మాట్లాడ్డమే గాని వినడం అలవాటు లేనట్టుంది అనుకుని, మీటరు బాబు గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. ఉద్యోగంలో చేరాక అతనికి పనికొచ్చే పని ఒకటి దొరకడం అదే మొదలు.

మాట నిలబెట్టుకునే రోజు ఆ వానాకాలంలో వచ్చింది. తనిఖీ కేంద్రానికి కొత్త మిషను దిగింది. అరచేతిలో పట్టేంత, ముందు స్పాంజి బంతితో, మోత కొలిచే మీటరు. ఇకనుంచి పొగతోపాటు మోత కూడా చూడాలని ఆర్డరు. మూడు అవకాశాలు. మూడోసారీ గీత దాటితే కంపెనీ గొట్టం బిగించి దాని మీద సీసపు సీలు వేస్తారు. సీలు తెంపితే ఆ కారు ఇక రోడ్డెక్కదు.

గొట్టంగారు మామూలుగానే వచ్చారు, మార్కెట్టు చుట్టూ మూడు చుట్లు తిరిగి. పొగ పాసయింది.

"చెప్పానా బాబూ, పొగ వేరు..."

"మోత వేరు. నిజమే," అని మీటరు బాబు కొత్త మీటరు తీశాడు. ఆ క్షణం కోసమే అమ్మ తనని కన్నదనిపించింది. "అందుకే దాన్ని వేరే కొలుస్తాం."

గొట్టంగారు ఎక్సిలేటరు తొక్కారు. మీటరు గీతకి చాలా పైన నిలబడింది.

"దాన్ని ఇంకో అడుగు వెనక్కి పెట్టరాదూ?"

"కుదరదు. కొలత ప్రకారమే పెట్టాలి."

"పోనీ పక్క ఊళ్లో పెట్టండి."

"రెండు అవకాశాలున్నాయి. తర్వాత సీలు."

"సీలంటే... మళ్లీ ఎప్పటికీ మార్చకూడదా?"

"ఎప్పటికీ."

గొట్టంగారు మరి జోకు వెయ్యలేదు. కారు తోసుకెళ్తున్న మనిషిలా, నడుపుకుంటూ వెళ్లిపోయారు.

నెల తర్వాత రెండోసారి వచ్చారు. గొట్టంలో గాజు దూది కూరారు, లోపల రేకు అరలు పెట్టారు. మీటరు గీత మీద నిలబడి, కాసేపు అటూ ఇటూ ఊగి, ఒక్క వెంట్రుకవాసి పైకే పోయింది. మీటరు బాబు చీటీ చింపి ఇచ్చాడు. గెలిచినవాడి మొహం పెడదామనుకున్నాడు గాని, ఆయన చీటీని మడిచి జేబులో పెట్టుకున్న తీరు చూస్తే ఆ మొహం కుదరలేదు.

ఆ ఆదివారం గొట్టంగారు ఓడిపోయారు. అటక మీంచి పధ్నాలుగేళ్ల కిందటి కంపెనీ గొట్టం దించి, తుప్పు గీకి, బిగించారు. సీలు వేసే ముందు ఒకసారి ఎలా ఉంటుందో చూద్దామని కాబోలు, సాయంత్రం అలా తిరిగొచ్చారు.

మీటరు బాబు మేడ మీద పిట్టగోడకి చేతులానించి నిలబడ్డాడు. తను నిలబెట్టుకున్న మాట ఎలా ఉంటుందో చూసుకోవద్దూ? కారు మలుపు తిరిగింది. మందుల షాపు దాటింది. బేకరీ. మంగలి షాపు. కుళాయి. వీధంతా హాయిగా ఉంది. వరండాలో ముసలావిడ కాళ్లు పీట మీద పెట్టుకుని కుళాయి వైపే చూస్తోంది, కానీ చూపు ఆనదు కాబోలు, కదల్లేదు. కారు గేటు ముందు ఆగింది. గేటు ఎప్పట్లాగే గుండెలు కోసేలా కిర్రుమంది. కదల్లేదు. లోపల వంటింట్లో పళ్లెం ఒకటి జారి గచ్చు మీద గింగిర్లు తిరిగింది. మేడ మీదున్న మీటరు బాబు ఉలిక్కిపడ్డాడు. పది అడుగుల దూరంలో ఉన్న ఆవిడ రెప్ప వెయ్యలేదు.

"అత్తయ్యగారూ," అన్నారు గొట్టంగారు పక్కనుంచి. జవాబు లేదు.

ఆయన చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లేసరికి ఆవిడ అదిరిపడింది. ఆయన్ని చూసింది. వీధి చూసింది. మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

"ఎప్పుడొచ్చారు? నాకు... దున్నపోతు ఏదీ?"

"షె-డ్డు-లో ఉం-ది! న-డి-చొ-చ్చా-ను!"

చెబుతూనే గొట్టంగారు రెండు చేతులూ చాచి, చొక్కా అంచులు పట్టుకుని వెడల్పు చేసుకుని, తన వెనక ఉన్న కారుని దాచడం మొదలెట్టారు. ఆయన నిలువునా ఎండిన ములక్కాడలా ఉంటారు. ఆయన వెనక కారు కాదుగదా, గొడుగు కూడా దాగదు.

"మరి మీ వెనకాల ఉన్నదేమిటి అల్లుడుగారూ?"

"ప-క్కిం-టి వా-ళ్ల-ది!"

"అద్దానికి బూటు తాడు కూడా ఉంది."

"వా-ళ్ల-కీ వి-రి-గిం-ది!"

మీటరు బాబుకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. సగం నవ్వాక ఆగిపోయింది. పిట్టగోడ మీద చేతులు అలాగే ఉన్నాయి. ఎదురుగా వంగుని మాట్లాడ్డం, ఇంతేసి నోరు తెరవడం, బేకరీనా కుళాయా అని రోజూ అడగడం, తిట్లు దగ్గరికి జరిగినప్పుడల్లా కారు కిందికి దూరడం. "మంచిదే, ఇద్దరు పిల్లలు చాలు." ఇంత చదివినవాణ్ణి, ఎదురింటి వరండా చదవలేకపోయాను అనుకున్నాడు.

మెట్లు దిగి వెళ్లేసరికి గొట్టంగారు అప్పటికే కారు కింద ఉన్నారు. బయటికి కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. మీటరు బాబు ఆ కాళ్లతో మాట్లాడాడు.

"ఎన్నాళ్లయిందండీ అమ్మగారికి?"

కాళ్లు కదలడం మానేశాయి.

"పధ్నాలుగేళ్లు," అంది కారు. "మొదట పిట్టల కూతలు పోయాయి. తర్వాత ఫోను గంట. తర్వాత మా ఆవిడ గొంతు. అక్కడిదాకా నేను అదృష్టమే అనుకున్నాను. సన్నటివన్నీ ముందు పోతాయి బాబూ, లావు చప్పుళ్లు చివరిదాకా ఉంటాయి. నేనూ గొట్టంతో దిగుతూ వచ్చాను, ఒక్కో మెట్టే."

"డాక్టరు?"

"చూపించాం. చెవి మిషను కొన్నాం. పెట్టె తెరిచి చూసి, 'బాగుంది, మీలో ఎవరికైనా చెవుడొస్తే వాడుకోండి' అని బీరువాలో పెట్టేసింది. ఆవిడ అక్కగారికి చెవుడొచ్చాక ఇంట్లోవాళ్లు ఆవిడతో మాట్లాడ్డం మానేసి, ఆవిడ ముందే ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్లట. అది కళ్లారా చూసింది. నా కారుని తిట్టినంత కాలం ఆవిడ చెవులు భేషుగ్గా ఉన్నట్టే కదా. వీధంతా సాక్ష్యం."

"మీ ఆవిడకి తెలుసా?"

"బేకరీ, కుళాయీ ఎవరు చెబుతున్నారనుకున్నారు?"

మీటరు బాబు చొక్కా జేబులోంచి ఒక సన్నటి పుస్తకం తీశాడు. కొత్త మీటరుతో పాటు వచ్చింది. కేంద్రంలో దాన్ని తెరిచినవాడు అతనొక్కడే, అదీ అట్ట నుంచి అట్ట దాకా చదివాడు.

"మీకోసం నేను గీత జరపను. ముందే చెబుతున్నా."

"నేనడిగానా?"

"అడగలేదు. ఇది మాత్రం నలభై రెండో పేజీ, ఎవరైనా చదువుకోవచ్చు. ఈ మీటరు చెవిని మామూలు మనిషి చెవిలా చేశారట. కీచుమనే చప్పుడుని పూర్తిగా పట్టుకుంటుంది. బాగా లావు చప్పుడుని మాత్రం పెద్దగా లెక్కలోకి తీసుకోదు."



"అంటే," అన్నారు గొట్టంగారు నెమ్మదిగా, "మా అత్తగారికి సరిగ్గా తిరగేసి అన్నమాట."

"అన్నమాటే."

"మోత తగ్గించక్కర్లేదు. ఇంకా కిందికి దించాలి!" అని ఆయన లేచి కూచోబోయారు. కారు కింద ఉన్న సంగతి మర్చిపోయారు. ఆ చప్పుడు ఏ మీటరైనా పట్టుకునేదే.

ఆ తర్వాత పన్నెండు రోజులు గొట్టంగారు కాళ్ల రూపంలోనే వీధికి దర్శనమిచ్చారు. డిక్కీలో అదనపు చక్రం ఉండే గుంటని కింద నుంచి కోసి, అక్కడ సూటుకేసంత రేకు పెట్టె అమర్చారు. గొట్టాన్ని రెండు వంపులు తిప్పి పొడుగు చేశారు. కీచులన్నీ తాగేసేలా గాజు దూది ఎక్కడ పెట్టాలో, గుమ్మనే చప్పుడు ఊరేలా ఎక్కడ ఖాళీ వదలాలో, ముప్పై ఏళ్ల అనుభవం తిరగేసి వాడారు. ఇన్నాళ్లూ సినిమా హాళ్లలో ఏ గుమ్మనే చప్పుడు రాకూడదని రేకులు వంచారో, ఆ చప్పుడునే వెతికి పట్టుకుని పెట్టెలో కూచోబెట్టారు. చోటు పోయిన అదనపు చక్రాన్ని వెనక సీట్లో కూచోబెట్టి బెల్టు పెట్టారు.

మూడోసారి. షెడ్డు ముందు బేకరీ ఆయనతో సహా నలుగురైదుగురు పోగయ్యారు.

"వెనకెవరండీ పెద్దమనిషి?" అన్నాడు బేకరీ ఆయన చక్రాన్ని చూసి.

"మా పెద్ద బావమరిది," అన్నారు గొట్టంగారు. "ఊరుకోండి, నాకు గుండె దడగా ఉంది."

పొగ ఎప్పట్లాగే పాసయింది. మీటరు బాబు కొలత ప్రకారం మీటరు నిలబెట్టాడు, ఒక్క అంగుళం అటూ ఇటూ కాకుండా. బండి పాసవ్వాలని అతను కోరుకోవడం సర్వీసులో అదే మొదటిసారి. గొట్టంగారు ఎక్సిలేటరు తొక్కారు.

చెవికి పెద్దగా ఏమీ వినబడలేదు. కానీ షెడ్డు రేకు గుమ్మని మూలిగింది. కిటికీ అద్దం జుమ్మంది. బల్ల మీద నీళ్ల గ్లాసు తనంతట తనే అంచుదాకా నడిచింది, వెనకాలే ప్రింటరు. బేకరీ ఆయన పొట్ట పట్టుకుని "నాకేదో అవుతోందండీ" అన్నాడు. మీటరు మాత్రం ఏమీ ఎరగనట్టు గీతకి కింద కాళ్లు చాపుకుని కూచుంది.

మీటరు బాబు రూలు ప్రకారం మళ్లీ కొలిచాడు. అలవాటు ప్రకారం ఇంకోసారి కొలిచాడు. మూడుసార్లూ పాసే. చీటీ చింపి ఇస్తూ, ఎప్పుడూ లేనిది, తనే అన్నాడు.

"పొగ వేరు, మోత వేరు."

"వినేవాళ్లు కూడా వేరు బాబూ," అన్నారు గొట్టంగారు. చీటీతో కళ్లద్దాలు తుడుచుకుని, అద్దాలకి సిరా అంటించుకుని, దాంతోనే నడుపుకుంటూ వెళ్లారు.

మీటరు బాబు స్కూటరు మీద అడ్డదారిన పడి ముందే ఇంటికి చేరాడు. మెట్లు మూడేసి ఎక్కి పిట్టగోడ పట్టుకున్నాడు. ఎదురుగా వరండాలో ముసలావిడ, ఆ రెండువారాల్లో మరీ ముడుచుకుపోయినట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. గుమ్మంలో కూతురు చేతిలో తువ్వాలుతో నిలబడింది, అదే పిండుతోంది.

అయిదున్నర. వీధి మలుపులో కారు ముందు భాగం కనబడిందో లేదో, మేడ గది కిటికీ జుమ్మంది. ముసలావిడ తల పైకి లేచింది. కుర్చీ చెయ్యి పట్టుకుని ముందుకి వంగింది. కాళ్లు పీట దిగాయి.

"వచ్చిందమ్మా! వచ్చింది దున్నపోతు! చచ్చిందనుకున్నాను, ఇంకా బలిసి వచ్చింది! దీని గొంతు పడిపోనూ!"

"మందుల షాపు!" అని అరిచింది కూతురు గుమ్మంలోంచి.

"మందుల షాపు!" అని అరిచాడు మీటరు బాబు మేడ మీంచి. పధ్నాలుగేళ్లలో అంత దూరం నుంచి ఎప్పుడూ మొదలవలేదు.

ఆవిడ ఆపలేదు. రెండువారాల బాకీ ఉంది. మందుల షాపు నుంచి గేటు దాకా ఒక్క తిట్టు రెండోసారి రాకుండా తిట్టింది. గొట్టంగారు కారు దిగి, చుట్టూ తిరిగి, మొహానికి మొహం పెట్టి అడిగారు.

"న-న్నే-నా అత్త-య్య-గా-రూ?"

"అయ్యయ్యో, మిమ్మల్నెందుకంటాను అల్లుడుగారూ! దీన్ని."

ఆవిడ మొహం వెలిగిపోతోంది. అంతలో మేడ మీదున్న మనిషి కనబడ్డాడు. ఇలా రమ్మని వేలితో సైగ చేసింది. మీటరు బాబు దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తెలియకుండానే వంగాడు, నోరు ఇంత తెరిచాడు.

"చె-ప్పం-డి అ-మ్మ-గా-రూ."

"ఏం మీటరయ్యా అది? అక్కడ కూచుని గోళ్లు గిల్లుకుంటున్నావా? నాకు మాటిచ్చావా లేదా? ఇదెలా పాసయింది?"

"పొ-ర-పా-టై-పో-యిం-దం-డీ."

"రాసుకో. వీధిలో ఇందరున్నారు, ఒక్కరికీ పట్టదు, అందరూ చెవిటివాళ్లే. నాకేమో చీమ చిటుక్కుమన్నా వినబడి చస్తుంది. ఇంకో ఏడాది ఈ మోత విన్నానంటే నాకు చెవుడు రావడం ఖాయం!"

మీటరు బాబు జేబులోంచి చీటీ తీసి, వెనక వైపు ఫిర్యాదు పూర్తిగా రాసుకున్నాడు. ఆవిడ వెనక నిలబడి గొట్టంగారు, సిరా అంటిన కళ్లద్దాల్లోంచి, తేదీ కూడా వెయ్యమని సైగ చేశారు.